కుడి చెవి పోగు

పోలీస్ యాక్షన్‌కు రెండు నెలల ముందు మా అన్న భూమన్నను దొర గడి మనుషులు పట్టుకుపోయారు. వెట్టికి రానన్నాడు, అంతే. మళ్లీ ఇంటికి రాలేదు. ఏం చేశారని అడిగితే చెప్పినవాడు లేడు.

ఆయన భార్య కొమురవ్వ వదిన ఏడవలేదు. ఆ దసరాకు ఇంటి ముందుగోడకు ఎర్రమన్ను పూసింది. ఊళ్లో అందరూ సున్నంతో తీగలూ పువ్వులూ వేస్తే, వదిన పేలికను సున్నంలో ముంచి మనిషిని వేసింది. తలకు రుమాలు, భుజాన కట్టె, చెవికి పోగు.

అన్నను కన్న మా అవ్వకు అది గిట్టలేదు. "బతికున్నోన్ని గోడకెక్కిస్తవా?" అన్నది. ఆనాటి నుంచి ఆ గోడ కంటబడకుండా దొడ్డిదారినే వచ్చిపోయేది.

పండుగ వస్తే పాత పూత మీద కొత్త మన్ను పూయాలి కదా. మరుసటేడు వదినకు చేతులు రాలేదు. పొద్దంతా కూర్చుని, చివరికి కాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి పూసింది. ముఖం ఆఖరుకు. తడి ఆరగానే మళ్లీ వేసింది. అట్లా ఏటేటా.

నాలుగో ఏడు పక్కింటి పోశవ్వ వచ్చి చూసి, "గంత మీసం మీ ఆయనకెక్కడిదే? ఆముదం రాసినా మొలవకపాయె" అన్నది. వదిన నవ్వింది. అన్న పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. మీసం మీద మన్ను పూసి, చిన్నది వేసింది.

పదకొండో ఏడు అంతా వేసి చెవి దగ్గర ఆగిపోయింది. పోగు ఏ చెవికి? నేను ఎడమ అన్నాను. నాకూ నమ్మకం లేదు. వదిన అరుగు మీద కూలబడింది.

"మనిషిని వాళ్లు గుంజుకపోయిండ్రు. గిది నేనే పోగొట్టుకున్న" అన్నది.

లోపల జొన్నలు చెరుగుతున్న అవ్వ చాట పక్కన పెట్టి, ఇన్నేళ్ల తర్వాత ముందరి తలుపు దాటి వచ్చింది. గోడను చాలాసేపు చూసింది.

"కుడి. ఇద్దరు పోయినంక పుట్టిండు. వీడన్నా బతకాలని కుడి చెవి కుట్టిచ్చిన."

వదిన పేలిక అందించింది. "నువ్వే పెట్టు, అత్తా."

అవ్వ పేలిక తీసుకోలేదు. సున్నంలో వేలు ముంచి చెవి కింద ఒత్తింది. వేలు తీయకుండానే, "కాళ్లు పొట్టిగేసినవ్. వాడు పొడుగు" అన్నది.

వదిన పేలికను మళ్లీ సున్నంలో ముంచింది.