ముందు బెంచీలో ఆబ్సెంట్

ఫిలోమినాకు పదకొండో ఏట విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని చెవులు పోయాయి. అప్పటికే మాటలన్నీ నేర్చిన పిల్ల కాబట్టి మాట పోలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఏమంటున్నదీ పట్టేసేది. నేను వక్క నములుతూ మాట్లాడితే మాత్రం, "నోరు ఖాళీ చేసుకుని చెప్పు పెద్దమ్మా" అనేది. అలా పెదాలు చూసి, పుస్తకాలు చదివి, రెంటచింతలలో ఎస్సెల్సీ గట్టెక్కింది.

వాళ్ల నాన్న ఆరోగ్యస్వామి మిరపకాయలు అమ్మడానికి నరసరావుపేట వచ్చినప్పుడల్లా మా అరుగు మీద సంచీ దించేవాడు. అరవై రెండులో ఒకసారి పిల్లను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"పి.యు.సి. ప్యాసయితే ట్రైనింగు స్కూల్లో చేర్చుకుంటామని మా ఊరి కాన్వెంటు సిస్టరుగారు మాటిచ్చిందక్కా. టీచరయితే దాని బతుకు అది బతుకుద్ది. లేకపోతే నేను పోయినాక దీన్ని చూసేదెవరు?" అన్నాడు.

ఏ కాలేజీలో వెయ్యాలో సలహా చెప్పింది నేనే. అది దాచను. రైలు గేటు దగ్గర పాత పొగాకు గొడౌన్లో అప్పట్లో ఒక కాలేజీ నడిచేది. ఆ తరవాత నాలుగేళ్లకు మూతపడింది. అక్కడ ఇంగ్లీషు చెప్పే మల్లికార్జునరావుగారి గురించి ఊరంతా ఒకటే మాట: ఆడపిల్లల బెంచీ వైపు కన్నెత్తి చూడడని. ఈడొచ్చిన పిల్లను పంపేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? "ఆయన ఉన్న చోట మనకు భయం లేదు తమ్ముడా" అన్నాను. మా పెరటి గది పిల్లకిచ్చాను.

నాకు ఏదైనా కళ్లతో చూస్తే గాని నిద్ర పట్టదు. పది రోజులాగి, పిల్లకు క్యారియర్ ఇచ్చే వంకతో వెళ్లి గొడౌను కిటికీ దగ్గర నిలబడ్డాను.

అప్పుడు చరిత్ర చెప్పే కృపాదానంగారి క్లాసు. ఆయన మొదటి రోజే పలక మీద "నీకు ఏం చేస్తే వీలుగా ఉంటుంది?" అని రాసి ఫిలోమినాకు చూపించాడట. అది రెండే అడిగింది. నా వైపు తిరిగి మాట్లాడండి, చెప్పి రాయించే నోట్సు నాకెలాగైనా దొరికేలా చూడండి. అంతే. ఆయన బోర్డు మీద రాసేటప్పుడు నోరు మూసుకునేవాడు, రాయడం అయ్యాక ఇటు తిరిగి చెప్పేవాడు. పక్కన కూర్చునే అనసూయ నోట్సు కింద కార్బన్ కాగితం పెట్టించాడు. హాజరు పిలిచేటప్పుడు ఆ నంబరు దగ్గర తలెత్తి చూసేవాడు, ఇది చెయ్యెత్తేది. అలా చెయ్యడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. అడగడం ఒక్కటే.

తరవాత మల్లికార్జునరావుగారు వచ్చారు. ఊరు చెప్పింది నిజమే. తల రిజిస్టరులో పెట్టి గబగబా నంబర్లు చదివారు. "ట్వంటీ త్రీ" అన్నారు. ఎవరూ పలకలేదు. గీత గీసి ముందుకు పోయారు. ఆ పైన బోర్డు వైపు తిరిగి, గంటసేపు బోర్డుకే పాఠం చెప్పారు.

సాయంత్రం ఎదురింటి అనసూయను పట్టుకున్నాను. "ఆ ఇరవై మూడెవరే, రోజూ రాదా?"

"మన ఫిలోమినానే అత్తా. దానికి వినపడదు, ఆయన తలెత్తడు."

"మోచేత్తో పొడవరాదటే?"

"పొడుస్తానే ఉన్నా. అది పలికేసరికి ఆయన ఇరవై ఐదు దగ్గరుంటాడు. పైగా దాని గొంతు పెద్దది గదా, మగపిల్లలు నవ్వుతారు. ఇప్పుడు పొడిచినా పలకడం లేదు."

"అయితే నువ్వే పలుకు, నోరు పడిపోయిందా?"

మర్నాడు పాపం అనసూయ రెండు నంబర్లకూ పలికింది. ఆయన చెవులు మహా చురుకు. "ఒకే గొంతు రెండుసార్లు వినపడింది. దొంగ హాజరు పలికినవాళ్లు బయట నిలబడండి" అన్నారట, అప్పుడూ తలెత్తకుండానే. అనసూయ గంటసేపు ఎండలో నిలబడింది. ఆ సంగతి తెలిసి వాళ్ల నాన్న చదువు మాన్పిస్తానన్నాడు. ఇక ఆ పిల్ల పలకలేదు. ఆ తప్పులోనూ సగం నాదే.

పిల్లకు వినపడదని కృపాదానంగారు ఆయనకు చెప్పి చూశారు. "ఆడపిల్లలది ముందు బెంచీయేగా, వినపడుతుంది లెండి" అన్నారట ఆయన.

చివరికి ఫిలోమినా ఉత్తరం రాసుకుంది. నాకు చదివి వినిపించింది కూడా. "అయ్యా, నాకు వినపడదు. నా నంబరు పిలిచినప్పుడు ఒక్కసారి నా వైపు చూడండి." అంతకుమించి ఒక్క ముక్క లేదు. మడిచి ఆయన బల్ల మీద పెట్టింది. ఆడపిల్ల బెంచీ దిగొచ్చి మేష్టరు ముందు మడత కాగితం పెడితే మగపిల్లలు ఊరుకుంటారా? ఈలలు వేశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయట. విప్పకుండానే నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి పారేశారు. ఆ వారమంతా బజారులో ఆయన శీలం గురించే పొగడ్తలు. నేను పొగడలేదు, అంతే తేడా.

ఫిబ్రవరిలో నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. హాజరు చాలక పరీక్షకు పనికిరానివాళ్ల పేర్లలో ఫిలోమినా ఉంది. మిగతా పాఠాలన్నిటికీ సరిపడా ఉంది. ఇంగ్లీషులో మాత్రం ఏడాది మొత్తానికి, నవ్వులకు ఓర్చుకుని వేళకు పలికిన పంతొమ్మిది రోజులే.

ఆరోగ్యస్వామికి కబురు పంపి, పిల్లను తీసుకుని ముగ్గురం ప్రిన్సిపాలు గదికి వెళ్లాం. కృపాదానంగారు తన రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారు. "నా గంటలో ఉన్న పిల్ల తరవాతి గంటకు గోడ దూకి పోయిందా సార్?" అన్నారు.

మల్లికార్జునరావుగారిని పిలిపించారు. ఆయన గుమ్మంలో నిలబడి తలెత్తి, "ఈ అమ్మాయా?" అన్నారు. ఏడాదంతా తన బల్లకు రెండు మూరల దూరంలో కూర్చున్న పిల్ల.

"తెలియక గీసిన గీతలు, పిల్ల రోజూ వచ్చింది అని ఒక్క ముక్క రాసివ్వు బాబూ. చాలు" అన్నాను.

"పిలిస్తే పలకలేదమ్మా. పలకనివాళ్లను వచ్చారని ఎట్లా రాస్తాను? నేను అబద్ధం రాసే మనిషిని కాను."

"ఇన్నాళ్లూ రాసింది ఏంది మరి?"

ఆయన నేల చూశారు. "ఆడపిల్లల వైపు చూడటం నా అలవాటు కాదు" అన్నారు. ఆ అలవాటు చూసే కదా పిల్లను చేర్పించాను.

ఆయన రాసివ్వకపోతే తానేమీ చెయ్యలేనన్నాడు ప్రిన్సిపాలు. ఫిలోమినా మా ఒక్కొక్కరి పెదాలూ చూస్తోంది. మల్లికార్జునరావుగారు తల దించుకునే మాట్లాడటంతో ఆయన మాటే దానికి అందలేదు. "నాన్నా, సారు ఏమన్నాడు?" అని పెద్ద గొంతుతో అడిగింది.

ఆరోగ్యస్వామి తువ్వాలు భుజాన వేసుకుని, దాని వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "ఇంటికి పోదాం పదమ్మా."

మళ్లీ ఏడు పంపమని నేనూ కృపాదానంగారూ ఎంత చెప్పినా వినలేదు. "ఉన్న పిల్లను లేదని రాసే చోటికి ఇంకోసారి పంపనులే అక్కా, నాకు అంత ఓపిక లేదు" అన్నాడు. సిస్టరుగారు ట్రైనింగుకు వీల్లేదన్నారు. జాలిపడి చిన్నపిల్లల బడిలో ఆయాగా పెట్టుకున్నారు.

మొన్న వేసవికి ముందు రెంటచింతల వెళ్లి, ఆ బడిలో దాన్ని చూసొచ్చాను. పంతులమ్మ కుర్చీలో కూర్చుని తల దించుకుని పేర్లు పిలుస్తోంది, పిల్లలు ఒకరి తరవాత ఒకరు లేచి పలుకుతున్నారు. గోడవారన ఒక పిల్లవాడు కునుకు తీస్తున్నాడు. వాడి పేరు వచ్చింది, లేవలేదు, పలకలేదు. పంతులమ్మ గీత గియ్యబోయింది. ఊడుస్తున్న ఫిలోమినా చీపురు కింద పడేసి వచ్చి, ఆమె పెన్ను పట్టుకుంది.

"ఏమే, వదులు. ఆయావు ఆయాలాగా ఉండు" అంది పంతులమ్మ.

ఫిలోమినాకు ఆ మాట అందింది, పెదాల మీదే చూసింది. అయినా వదల్లేదు. రెండో చేత్తో గోడవారనున్న పిల్లవాణ్ణి చూపిస్తూ నిలబడింది.