ముందుమాటలు మింగిన పుస్తకం

నా మొదటి కథల పుస్తకాన్ని నేనే నిలువునా ఎలా ముంచానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఊరు ఎల్లారెడ్డి మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

అప్పట్లో నేను మహా తెలివైనవాడిని. కామారెడ్డిలో సొంత ప్రెస్సున్న ప్రచురణకర్త ఒకాయన నా కథలన్నీ చదివాడు. "నీ భార్య బీడీలు చేసుకుంట నిన్ను డిగ్రీ చదివించిన కథ ఉన్నది సూడు, అది సదివే ఒప్పుకుంటున్న తమ్మీ. ఖర్చు నాదే. వంద పేజీలు మాత్రం దాటొద్దు" అన్నాడు. బుద్ధున్నవాడైతే దండం పెట్టి ఇంటికొచ్చేవాడు. నేను మిత్రుడు రాజలింగం దగ్గరికి వెళ్ళాను.

"ఉత్త కథలతోని పుస్తకం నడుస్తదా? పెద్దమనుషుల ముందుమాటలుండాలె. పైరవీ లేకుంటే ఏ పనైతది?" అన్నాడు వాడు. వాడు జీవితంలో శ్రద్ధగా చదివింది కరెంటు బిల్లు ఒక్కటే. అయినా నమ్మాను.

ముందు రిటైర్డ్ ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆయన నా గురించి నాలుగు ముక్కలూ, తన బాల్యం గురించి పేజీలకు పేజీలూ రాశాడు. అది తెలిసి మార్కెట్ కమిటీ మాజీ చైర్మన్ అలిగాడు. "మేం యాదికి రాలేదా?" అని ఆయనా రాశాడు, అంటే మేనల్లుడితో రాయించాడు. మేనల్లుడు రాస్తే బావమరిది ఊరుకుంటాడా? నా పుస్తకం పెళ్ళిపందిరైపోయింది, పిలవనివాళ్ళే ఎక్కువ.

"ఏంది తమ్మీ ఇది? ముందుమాటలే తొంభై పేజీలైనయ్!" ప్రచురణకర్త నెత్తి పట్టుకున్నాడు.

"ఒకటి రెండు తీసేద్దామా సార్?"

"ఎవరిది తీస్తవ్? నా ప్రెస్సుకు పనులిచ్చేటోళ్లే గీళ్లంత. నీ కథలే తియ్యాలె."

"కథలా?"

"మరి! నువ్వైతే అలగవు గద."

నిజమే, నేను అలగలేదు. బీడీల కథ పెద్దది కాబట్టి ముందు అదే పోయింది. చివరికి ఓ చిన్న కథ ఒక్కటే మిగిలింది. పెద్దల అండ దొరికిందని లోలోపల పొంగిపోయాను, వెధవని.

ఇంట్లో చెప్పే ధైర్యం మాత్రం చాలలేదు. ఆవిష్కరణ రోజున మా ఆవిడ లక్ష్మి తాడ్వాయి నుంచి పుట్టింటివాళ్ళను ఆటోలో నింపుకొచ్చింది. "మా ఆయన నా మీద కథ రాసిండు" అని చెప్పుకుంటూ ముందు వరుసలో కూర్చుంది. వేదిక మీద పెద్దలు ఒకరి ముందుమాటను ఒకరు పొగుడుకున్నారు. చివర్లో ప్రిన్సిపాల్ గారు, "గ్రంథం దివ్యంగా ఉన్నది. వెనుక ఆ కథ లేకున్నా నడిచేది" అని తేల్చేశాడు.

లక్ష్మి పుస్తకం తిరగేసింది. మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది. పుట్టింటివాళ్ళంతా ఆమె ముఖమే చూస్తున్నారు. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, అందరికీ వినబడేలా అడిగింది.

"ఈ పెద్దమనుషుల పుస్తకం మంచిగనే ఏయించినవ్. మరి నీదెప్పుడు ఏయిస్తవయ్యా?"

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా శపథం చేస్తున్నాను. నా పుస్తకానికి ముందుమాట రాస్తానంటూ సరస్వతీదేవి సిఫారసుతో బ్రహ్మదేవుడే దిగివచ్చినా సరే, చాయ్ తాగించి, బస్సెక్కించి వస్తాను.