ఆగ్రా వెళ్ళొచ్చిన నాలా నీళ్ళు

మురుగు కలిసిన సముద్రపు నీరు స్నానానికి పనికొస్తుందని మా ఆఫీసు రాసింది. ఒకసారి కాదు, నెల నెలా రాసింది. ఎవరూ లంచం తినలేదు, ఎవరూ అంకెలు దిద్దలేదు. అయినా రాసింది అబద్ధమే. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే. దొంగ ఉంటే పట్టుకోవచ్చు. ఇక్కడ అందరూ నిజాయితీపరులే.

ఇది నా సర్వీసు చివరి ఏడాది మాట, కరోనా సద్దుమణిగాక వచ్చిన వేసవి. తీరప్రాంత జలాల కాలుష్యాన్ని గమనించే ఒక కేంద్ర కార్యాలయంలో, ఢిల్లీలో, నేను సీనియర్ టెక్నీషియన్‌ని. సముద్రం చూడాలంటే రైల్లో రోజంతా పోవాల్సిన ఊళ్ళో సముద్రపు ఆఫీసు ఏమిటని నవ్వకండి. సంతకాలూ పెద్ద యంత్రాలూ ఇక్కడ, నీళ్ళు అక్కడ. సర్కారు వారి ఏర్పాటు అది. నేవీలో పదిహేనేళ్ళు చేసి, మాజీ సైనికుల కోటాలో ఫీల్డ్ అసిస్టెంట్‌గా ఈ ఆఫీసులో చేరాను. పదో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు. నాకు తెలిసిన కెమిస్ట్రీ అంతా లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్ల ముందు ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లోంచి వచ్చింది. అర్థం కానివి సెంటర్ మెట్ల మీద టీ తాగే పిల్లల్ని పట్టుకుని అడిగేవాణ్ణి.

మా పని పద్ధతి ఇది. కోస్తాలో ఒక ఊరి మురుగు గొట్టం సముద్రంలో కలిసేచోట మాకు ఒక 'స్టేషన్' ఉండేది. స్టేషన్ అంటే కట్టడం కాదు, నీటిలో నమూనా తీసే గుర్తు. ఆ ఊరి పేరు రాయను. ఎల్లాజీ అనే పడవ మనిషి నెలకోసారి వెళ్ళి సీసాలు నింపి, ఐస్ పెట్టెలో పెట్టి, ఒడ్డున మా ఒంటిగది ల్యాబ్‌కు చేర్చేవాడు. ఆ పూటే పరీక్ష మొదలయ్యేది.

ముఖ్యమైన పరీక్ష బీఓడీ. దాన్ని నీటి ఆకలి అనుకోండి. నీళ్ళలో కుళ్ళు ఎంత ఉంటే, దాన్ని తినే సూక్ష్మజీవులు అంత ప్రాణవాయువు లాగుతాయి. సీసాకు బిగించి మూత పెట్టి మూడు రోజులు ఉంచి, ఎంత లాగాయో చూస్తాం. ఎక్కువ లాగితే మురుగు ఎక్కువ. దీనితోపాటు మలంలోంచి వచ్చే బాక్టీరియానూ లెక్కిస్తాం.

ఆ ఏడాది 'వ్యయ హేతుబద్ధీకరణ' అనే పొదుపు ఆర్డరు వచ్చింది. తీరంలో ల్యాబ్ మూసేశారు. ఐస్ పెట్టె ఖర్చు కొట్టేశారు. నమూనాలు ఇకనుంచి కొరియర్‌లో ఢిల్లీ రావాలన్నారు. ఐస్ కరిగితే పక్క పార్సిళ్ళు తడుస్తాయని కొరియర్ వాళ్ళు ఐస్ ఉన్న పెట్టె ముట్టుకోరు. దాంతో సీసాలు మండుటెండలో, లారీల్లో, గోడౌన్లలో మూడు రోజులు ఊగుతూ వచ్చేవి. ఆ మూడు రోజుల్లో సూక్ష్మజీవులు తినవలసిందంతా దారిలోనే తినేసేవి. మలపు బాక్టీరియా మాత్రం ఉప్పునీటి వేడికి చాలావరకు చచ్చేవి. భోజనం చేసి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ఆకలి కొలిచినట్టు, మేము ఆ నీటికి పరీక్ష చేసి 'స్నానయోగ్యం' అని రాసేవాళ్ళం.

ఢిల్లీ ల్యాబ్‌లో పరీక్షలు చేసే సైంటిస్టు సునీత. వరంగల్ అమ్మాయి, మునిర్కాలో గది తీసుకుని ఉండేది. ఈ తప్పును మొదట కనిపెట్టింది ఆమే. 'ఐస్ లేకుండా, ఆలస్యంగా అందింది' అని ప్రతి రిపోర్టు కింద రాసేది. పొదుపు పేరుతో ఫారం కుదించినప్పుడు ఆ రిమార్కుల గడి కూడా ఎగిరిపోయింది. ఆమె డైరెక్టర్‌కు రెండుసార్లు చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. "బజెట్ నహీ హై, బేటా" అని చేతులు చూపించాడు.

నాకు ఎల్లాజీ ఫోన్ చేశాడు. ఊళ్ళో మురుగుశుద్ధి ప్లాంటు మోటార్లు పాడై నెలలు దాటింది. గొట్టంలో వచ్చేది పచ్చి మురుగు. బాగు చేయించండని పేటవాళ్ళు అడిగితే, నీళ్ళు బాగానే ఉన్నాయి చూడండని మున్సిపాలిటీవాళ్ళు మా రిపోర్టు చూపిస్తున్నారట. ఎల్లాజీ చెల్లెలు దానమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడి గుల్లలు ఏరి అమ్ముకుంటుంది. పాదాల నుంచి మోకాళ్ళ దాకా పుళ్ళు.

"మీ ఢిల్లీ కాయితం సూసి మున్సిపాలిటీవోళ్ళు నవ్వుతున్నారండి బాబూ," అన్నాడు. "మా దానమ్మ కాళ్ళు సూసి ఏడవాలో నవ్వాలో మాకు తెలీట్లేదు. మీ డైరెట్రుగారిని ఓపాలి ఇక్కడికొచ్చి తానం సేసెల్లమనండి. సబ్బు నాను ఇత్తాను."

అర్జీ పెడితే అది ఏ అరలో నిద్రపోతుందో నాకు తెలుసు. అయితే మా ల్యాబ్ నియమావళిలో ఒక పాత నియమం ఉంది, బ్లైండ్ శాంపిల్. ఎక్కడి నీళ్ళో పరీక్ష చేసేవాళ్ళకు చెప్పకుండా, కోడు మాత్రం వేసి ఇచ్చి, పద్ధతి సరైనదో కాదో చూడటం. ఖర్చు లేనిది కాబట్టి దాన్ని కొట్టేయాలని ఎవరికీ తోచలేదు. దానికి డైరెక్టర్ సంతకం కావాలి. అడిగాను.

"కహాఁ కా పానీ హై, రాజు సాబ్?" అని ఎక్కడి నీళ్ళో అడిగాడు.

"రిజల్ట్ వచ్చాక చెబుతాను సర్. ముందే చెబితే బ్లైండ్ ఎలా అవుతుంది?"

నవ్వి సంతకం పెట్టాడు. ఆ సంతకం లేకుండా చేసి ఉంటే, దొంగ నమూనా పెట్టానని ఛార్జ్‌షీట్ ఇచ్చేవాళ్ళు. నా పెన్షన్ అప్పటికి నెలల్లోకి వచ్చింది.

మా ఆఫీసు వెనక ఒక నాలా ఉంది. చుట్టుపక్కల కాలనీల మురుగంతా అందులో పడి యమునకు పోతుంది. ఆ కంపుకు మా మీటింగ్ హాల్ కిటికీ ఏనాడూ తెరవరు. ఒక బకెట్ డిస్టిల్డ్ వాటర్‌లో గల్లుప్పు కరిగించి సముద్రమంత ఉప్పదనం తెచ్చాను. అందులో ఒక మగ్గు నాలా నీళ్ళు కలిపాను. తీరంలో గొట్టం దగ్గర జరిగేది అదే. ఆ బకెట్ నీటినే రెండు భాగాలు చేశాను. కోడ్ ఎ సీసాలు ఐస్‌లో పెట్టి ఆ పూటే సునీతకు ఇచ్చాను. కోడ్ బి సీసాలు అట్టపెట్టెలో సర్ది లక్ష్మీ నగర్ కొరియర్ కొట్టుకు పట్టుకెళ్ళాను.

కొట్టువాడు పెట్టె ఊపి చూశాడు. "అంకుల్‌జీ, గంగాజల్ హై క్యా?"

"యమునాజల్ అనుకో భయ్యా. నిలబెట్టి పంపు."

నా నేవీ మిత్రుడు ఆగ్రాలో స్థిరపడ్డాడు. పెట్టె అతని పేరనే పంపితే, అందగానే విప్పకుండా తిప్పి పంపాడు. నాలా నీళ్ళు తాజ్ మహల్ ఉన్న ఊరు చూసుకుని మూడో రోజున ఢిల్లీ చేరాయి. తిన్నగా సునీత బల్ల మీదికి.

ఆమె సీసా మూత తీసి నా వంక చూసింది. "అంకుల్, నాకేం చెప్పకుర్రి. తెలిస్తే బ్లైండ్ ఎట్లయితది? నేను అంకె ఏమొస్తే గదే రాస్త. గని పెన్షన్ ముంగట పెట్టుకొని గిదంతా అవసరమా మీకు?"

"దానమ్మ కాళ్ళకు పెన్షన్ లేదమ్మా," అన్నాను. ఎల్లాజీ ఫోన్ సంగతి తెలిసిన ఆమె, సీసా మీది కోడ్ రాసుకుని పని మొదలుపెట్టింది.

నెలవారీ మీటింగ్‌లో ఫలితాలు చదివారు. కోడ్ ఎ, స్నానానికి పనికిరాదు. కోడ్ బి, స్నానయోగ్యం. పొదుపు ఆర్డరును నెత్తిన పెట్టుకు తిరిగే అకౌంట్స్ ఆఫీసర్ కూడా ఉన్నాడు. రెండూ రెండు చోట్ల నీళ్ళు, తేడా ఉండదా అన్నాడు.

"ఒకే బకెట్ ఉప్పునీళ్ళు సర్," అన్నాను. "ఎ ఐస్‌లో పెట్టింది. బి మీరు చెప్పిన కొరియర్ పద్ధతిలో మూడు రోజులు తిరిగొచ్చింది."

డైరెక్టర్ కళ్ళద్దాలు తీశాడు. "బకెట్ ఎక్కడిది?"

"ఆ కిటికీ తెరిపించండి సర్."

ప్యూన్ నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు, గొళ్ళెం లాగాడు. ఏళ్ళ తరబడి బిగుసుకున్న రెక్క ఒక్కసారి కీచుమని తెరుచుకుంది. కంపు హాలంతా నిండింది. అకౌంట్స్ ఆఫీసర్ జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, "అరే, బంద్ కరో!" అని కేకేశాడు.

"బంద్ మత్ కరో," అన్నాడు డైరెక్టర్. "మన లెక్కలో అది ఉప్పు కలిపితే స్నానయోగ్యం. కూర్చోండి, ఆనందించండి."

సునీత తల వంచుకుని ఫైలు చాటున నవ్వింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు ప్రమోషన్లు వచ్చాయి, మెడల్ ఒకటి వచ్చింది. ఆ కిటికీ కీచుమన్న చప్పుడుకు అవేవీ సాటి రావు.

ఆ రోజే డైరెక్టర్ కొరియర్ ఫలితాలన్నింటినీ ఉపసంహరించుకుంటూ సంతకం పెట్టాడు. మున్సిపాలిటీ చేతిలో చూపించడానికి కాగితం లేకుండా పోయింది. ల్యాబ్ తిరిగి తెరవడం మాత్రం పై ఆఫీసు పని. వాళ్ళు 'పరిశీలనలో ఉంది' అన్నారు. ఈలోగా నేను రిటైరయ్యాను. ఢిల్లీ ద్వారకాలోని మా ఇంటి నుంచి ప్రతి నెలా ఉత్తరం రాశాను. అన్నింట్లోనూ ఒకటే ప్రశ్న: ఈ నెల నమూనా తీసిన వేళ ఏది, పరీక్ష మొదలుపెట్టిన వేళ ఏది? పోస్టాఫీసులో నన్ను చూడగానే, "ఆ గయే సముందర్‌వాలే అంకుల్" అనేవారు, సముద్రం అంకుల్ వచ్చాడని.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. కొలిచే పనిలో ఒక మెట్టు తీసేస్తే అంకె రావడం ఆగదు. తప్పుడు అంకె వస్తుంది, మునుపటంత శుభ్రంగా టైపై వస్తుంది. అందుచేత పొదుపు చేసే పెద్దలు ముందు ఏ మెట్టు తీస్తున్నారో, అది దేనికోసం పెట్టిందో అడిగి తీరాలి. అడగకపోతే మనం అడగాలి, విసుక్కున్నా సరే.

పోయిన వర్షాకాలంలో జవాబు వచ్చింది. అది చదివి మా వీధిలో అందరికీ జిలేబీ పంచాను. కిందిది చదివాక ఇందులో జిలేబీ పంచే శుభవార్త ఏముందని అడిగినవాళ్ళకు మొదటి నుంచి చెప్పుకురావలసి వచ్చింది.

"మీ ఉత్తరాలకు జవాబుగా తెలియజేయునది: తీర కేంద్రంలోని ప్రయోగశాలను తిరిగి తెరిచాము. ఐస్ పెట్టె ఖర్చు మంజూరైనది. ఈ నెల నమూనా ఉదయం ఆరున్నరకు తీసి, ఎనిమిదింటికి పరీక్ష మొదలుపెట్టాము. ఫలితం: స్నానానికి పనికిరాదు. శుద్ధి ప్లాంటును వెంటనే బాగు చేయవలసిందిగా మున్సిపాలిటీకి నోటీసు ఇచ్చాము. మోటార్లు బిగిస్తున్నారు."