మామయ్య రాసిన ఆరు పేజీలు

ముందుగానే ఒప్పేసుకుంటాను. ఆ పుస్తకంలోంచి ఆరు పేజీలు చింపింది నేనే. చింపి దాచిందీ నేనే. దాచిన చోట నీళ్ళు నింపుతారని మాత్రం నాకు తెలీదు. ఆ ఒక్కదానికీ నన్ను క్షమించేస్తే మిగతాదంతా హాయిగా చెప్పుకోవచ్చు.

ఆ పేజీలు రాసింది మా మామయ్య. ఆయనకున్నది ఒకటే జబ్బు. ఎక్కడికెళ్ళినా, కుర్చీ లాక్కోకముందే, మంచినీళ్ళు అడక్కముందే, "ఫిర్యాదుల పుస్తకం ఉందా?" అంటాడు. పంటి డాక్టరు దగ్గర నోరు బార్లా తెరిచి కూర్చున్నప్పుడు కూడా, గాల్లో రాసినట్టు వేళ్ళాడించి మరీ అడిగాడు. మా ఇంటికొస్తే అమ్మ ముందు టీ పెట్టదు. ముందు బల్లమీద ఒక నోటుబుక్కు పెడుతుంది.

దీనికో కథ ఉంది. మామయ్య ముప్పై రెండేళ్ళు ఒక ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో గుమాస్తా చేశాడు. ఊరంతా రాసేది, ఈయన చదివేవాడు. రిటైరైన మర్నాడు వెళ్ళి కొత్త పెన్ను కొనుక్కున్నాడు.

"ఇన్నేళ్ళూ చదివాన్రా. ఇక రాసే వంతు నాది."

రాసేటప్పుడు పరీక్షలో పిల్లాడిలా మోచెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఏం రాశావు మామయ్యా అంటే, "నీకెందుకు? పుస్తకం నీదా?" అంటాడు. అందుకే ఆయన ఏం రాస్తాడో ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టి అందరికీ హడల్.

పక్కింటి పిల్లి మీద కూడా రాశాడన్న రోజున అమ్మ నన్ను పిలిచింది.

"ఒరేయ్, పెద్దమామయ్యని నాలుగు రోజులు సముద్రం చూపించి తీసుకురా. లేకపోతే ఈసారి నా మీద రాస్తాడు మా అన్నయ్య!"

నాకు బడి అబ్బలేదు గానీ కారు తోలడం, తాళం చెవి లేకుండా తాళం తియ్యడం, ఇంకొకళ్ళ దస్తూరీ దించడం ఎవరూ నేర్పకుండానే అబ్బాయి. మొదటి విద్యకి మెచ్చుకుని అమ్మ నాకా పని ఇచ్చింది. మిగతా రెండూ కూడా అక్కరకొస్తాయని పాపం ఆవిడకి తెలీదు.

"సముద్రంలో ఏముందిరా చూడ్డానికి? నీళ్ళు. కుళాయిలో రావట్లేదూ?" అన్నాడు మామయ్య కారెక్కుతూనే.

"సముద్రం అలలేస్తుంది మామయ్యా."

"మన కుళాయి దగ్గుతుంది. నేనెవరినైనా తీసుకొచ్చి చూపించానా?"

దారిలో ఒక హోటల్ దగ్గర టీకి ఆగాం. గల్లాపెట్టె వెనక ఒక బక్కపల్చని అమ్మాయి నిలబడి ఉంది. మామయ్య అలవాటుగా పుస్తకం అడిగాడు. అడ్డంగా మోచెయ్యి పెట్టి అరపేజీ నింపాడు. మధ్యమధ్యలో తలెత్తి ఆ అమ్మాయి వంకే చూశాడు. పాపం, ఆ పిల్ల చిల్లర రెండుసార్లు తప్పు లెక్కపెట్టింది. నేను వెనకనించి చేతులు జోడించి "పెద్దాయన, పట్టించుకోకు" అని సైగ చేశాను.

సాయంత్రానికి తీరం చేరాం. రోడ్డు కొండ కిందే ఆగిపోయింది. పైకి గుంటలు పడ్డ బాట. సామాను నెత్తినెట్టుకుని ఎక్కాం. పైన ద్రాక్షతోట, తోట చివర సముద్రం, మధ్యలో ఒక ఇల్లు. అతిథులకి రెండు గదులు. వచ్చినవాళ్ళకి వైన్ రుచి చూపించడానికి నాలుగు బల్లలున్న ఇంకో గది. దాన్ని రుచిగది అంటారు.

తోట మొత్తాన్నీ ఒంటి చేత్తో నడిపేది ఒక యాభై ఏళ్ళావిడ. అందరూ తోటక్క అంటారు. గోళ్ళనిండా ద్రాక్షరంగు, నెత్తిన గడ్డి టోపీ, ఒక చెయ్యెప్పుడూ నడుంమీద. మామయ్య గుమ్మంలోంచే అడిగేశాడు.

"అమ్మా, ఫిర్యాదుల పుస్తకం ఉందా?"

తోటక్క మొహం పాలిపోయింది. మేకుకి వేలాడుతున్న పుస్తకం తీసిచ్చి, నన్ను పక్కకి లాగింది.

"బాబూ, మూడు రోజుల్లో తనిఖీ ఆఫీసరొస్తున్నాడు. ఆ పుస్తకం చూసే రుచిగదికి అనుమతి పొడిగిస్తాడు. గది మూసేశారంటే నా వైన్ ఎవరు తాగుతారు? తోట వదిలేసి పట్నంలో మా చెల్లెలి పంచన చేరాల్సిందే. మీ మామయ్యగారు కాస్త..."

"నాదీ పూచీ" అన్నాను ఛాతీ విరిచి. నా పూచీకి విలువెంతో ఆవిడకి ఇంకా తెలీదు.

తోటక్క గ్లాసులో తెల్ల వైన్ పోసింది. మామయ్య దీపానికెదురుగా పెట్టి చూశాడు. వాసన చూశాడు. నా వాసన కూడా చూశాడు, అడ్డొస్తోందేమోనని. ఒక్క గుక్క తాగి గ్లాసు ఠపీమని పెట్టాడు.

"ఉప్పదనం తగుల్తోంది. సముద్రపు నీళ్ళు కలిపారు!"

"నేను కలపలేదు అన్నయ్యగారూ. గాలే తెచ్చి ఆకులమీద చల్లుతుంది. పండు ఆ రుచి దాచుకుంటుంది."

"నమ్మను."

తెల్లారేసరికి మామయ్య తోటలో వంగుని, మేకపిల్లలా ఆకు తర్వాత ఆకు నాకుతున్నాడు. నాకు చెయ్యి ఊరుకోలేదు. వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి వరస చివరి ఆకుమీద చల్లి చెట్టుచాటున నక్కాను. మామయ్య వచ్చాడు, నాకాడు, ఆగాడు.

"ఇది డబ్బాలో ఉప్పు. ఒరేయ్ వెధవా, బయటికి రా!"

అటు తిరిగి పక్క ఆకు మళ్ళీ నాకాడు. ఈసారి మొహం మెల్లగా విచ్చుకుంది. "ఇది మాత్రం గాలి తెచ్చిందే" అన్నాడు. ఆ తర్వాత రెండు గ్లాసులు తాగాడు. అనుమానం పూర్తిగా తీరాలిగా!

ఇక అక్కణ్ణించి మనిషికి పూనకమే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, జోళ్ళు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచాడు. అల వెనక్కి తగ్గితే దానివెంట పరిగెత్తి, అల తిరగబడితే తోకముడిచి పారిపోయే బుల్లి పక్షుల గుంపు ఒకటుంది అక్కడ. మామయ్య వాటిముందు రెండు గంటలు కూర్చున్నాడు.

"వీటికి పై అధికారి ఎవర్రా? ఒక్కటైనా కాసేపు కూర్చోదే!"

మర్నాడు చీకటితో నా దుప్పటి లాగేశాడు. "లేరా లే! అలలు మొదలయ్యాయి!"

"అసలు ఆగితే కదా మామయ్యా మొదలవడానికి!"

"నోర్మూసుకుని రా. కొత్త పక్షి ఒకటి దిగింది. ఎర్ర కాళ్ళు!"

ఇంత సంబరపడుతున్నాడు కదా, రాయడం మానేశాడేమో అనుకున్నారా? ఏం లేదు. ఆ రెండు సాయంత్రాలూ వైన్ గ్లాసు ఒకవైపు, మోచెయ్యి ఒకవైపు. ఏకంగా ఆరు పేజీలు.

నాలుగోరోజు పొద్దున మామయ్య ఎర్ర కాళ్ళ పక్షి దగ్గరికెళ్ళగానే తోటక్క పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "తెరిచి చూడ్డానికి ధైర్యం చాలట్లేదు బాబూ" అని కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

తెరిచాను. 'ఫిర్యాదు ఒకటి' అని కనిపించింది. చివరికి తిప్పితే 'ఫిర్యాదు పంతొమ్మిది'. ఇక చదివేదేముంది? పరపరా చింపేశాను. మూడు కాగితాలు, ఆరు పేజీలు. ఇంతలో అడుగుల చప్పుడైంది. చుట్టచుట్టి, పక్క కొట్టంలో ఖాళీ పీపా కన్నంలోంచి లోపలికి తోసేశాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? తర్వాతి పేజీలో అచ్చం మామయ్య దస్తూరీలో రాశాను. 'అద్భుతం! సూపర్! మళ్ళీ మళ్ళీ వస్తాం!' కింద సంతకం కూడా గీకి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పదింటికి ఆఫీసరొచ్చాడు. బాటలో జారిపడ్డాడు కాబోలు, ప్యాంటు మోకాళ్ళదాకా మట్టి. రొప్పుతూ కూర్చుని పుస్తకం చేతికి తీసుకున్నాడు. ఎత్తీ ఎత్తగానే మూడు తెల్ల కాగితాలు జలజలా ఆయన బూట్లమీద రాలాయి.

కుట్టు పుస్తకంలో ఒక కాగితం చింపితే, దారానికి అటువైపున్న దాని జంట ఊడొస్తుందట. ఈ సంగతి నాకు నేనే నేర్చుకున్న విద్యల్లో లేదు.

ఆఫీసరు పేజీల అంకెలు చూశాడు. "నలభై తర్వాత నలభై ఏడు. ఏమ్మా, మధ్యలోవి ఏవీ? పేజీ తీసేస్తే అనుమతి రద్దని అట్టమీదే అచ్చేసి ఉంది, చూళ్ళేదా?"

తోటక్క గోడకి ఆనుకుని అలాగే చతికిలబడింది. సరిగ్గా అప్పుడే మామయ్య ఊడిపడ్డాడు. ప్యాంటు పైకి మడిచి, కాలి వేళ్ళకి నాచు చుట్టుకుని.

పుస్తకం చూశాడు. రాలిన కాగితాలు చూశాడు. నన్ను చూశాడు. ఆఫీసుల్లో పండిపోయిన బుర్ర, నిమిషంలో అర్థమైపోయింది.

"పేజీలు చింపింది నేనే సార్" అన్నాడు.

ముప్పై రెండేళ్ళలో ఒక్క చీటీ చింపని మనిషి!

"మరి ఈ 'అద్భుతం, సూపర్' రాసిందీ?"

మామయ్య ఆ పేజీ వంక చూశాడు. మూడు ఆశ్చర్యార్థకాలూ వరసగా చూశాడు. ఆముదం తాగినవాడిలా మొహం పెట్టి, గుటకేసి, "అదీ... నేనే" అన్నాడు.

ఇక ఉండబట్టలేకపోయాను. చింపింది భరించగలడేమో గానీ, 'సూపర్' నెత్తిన వేసుకుని మామయ్య బతకలేడు.

"అబద్ధం సార్! అన్నీ నేనే! పేజీలు పీపాలో ఉన్నాయి!"

"ఏ పీపా?" తోటక్క లేచి నిలబడింది. "కొట్టంలోదా? అయ్యో రాత! చెక్క ఉబ్బితే కారకుండా ఉంటుందని ఇందాకే దాన్నిండా నీళ్ళు పోశాను కదయ్యా!"

నలుగురం కొట్టంలోకి పరిగెత్తాం. పీపా దొర్లించి వంచాం. నీళ్ళు బుడబుడా పోయాక కన్నం దగ్గర కాగితం కొస కనిపించింది. తాళాలు తీసి ఆరితేరిన నా వేళ్ళు మొదటిసారి ఒక మంచిపని చేశాయి. ముద్దలా బయటికొచ్చింది.

"అయిపోయింది. సిరా అంతా అలుక్కుపోయుంటుంది" అన్నాడు ఆఫీసరు.

"పోదు" అన్నాడు మామయ్య. "జనం ఏడుస్తూ రాసేవాళ్ళు సార్. కన్నీళ్ళు పడ్డచోట అక్షరం చెరిగిపోయేది, ఏం కష్టమో తెలిసేది కాదు. అందుకే తడికి చెరగని పెన్ను ఏరి కొనుక్కున్నాను."

మూడు కాగితాలూ ద్రాక్షతీగల్ని కట్టే కమ్మీలకి బట్టల క్లిప్పులతో తగిలించాం. సముద్రపు గాలికి టపటపా కొట్టుకుంటుంటే, ఆఫీసరు వరస వెంట నడుస్తూ పైకి చదవడం మొదలెట్టాడు.

"ఫిర్యాదు ఒకటి. ఈ వైన్‌లో తప్పు పట్టడానికి మూడు గ్లాసులు తాగవలసి వచ్చింది. తప్పు దొరకలేదు. నా శ్రమ వృథా."

తోటక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఫిర్యాదు నాలుగు. ఇక్కడ కిటికీ తెరిస్తే సముద్రం గదిలోకి వచ్చేస్తున్నట్టుంటుంది. గుండె జబ్బువాళ్ళ కోసం ముందుగా హెచ్చరించే బోర్డు లేదు. ఫిర్యాదు తొమ్మిది. సూర్యాస్తమయం మరీ తొందరగా ముగించారు. ఇంకో పావుగంట పొడిగించవలెను. ఫిర్యాదు పదమూడు. పక్షుల వల్ల రెండు రోజులుగా పేపరు చదవలేదు. ప్రపంచంలో ఏం జరుగుతోందో తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. దీనికి బాధ్యులెవరు?"

ఆఫీసరు పగలబడి నవ్వాడు. "పదేళ్ళుగా ఈ పుస్తకాల్లో 'సూపర్' తప్ప ఇంకో మాట చదివిన పాపాన పోలేదు" అంటూ వెనకవైపు చదవడానికి వరస చుట్టూ తిరిగి అవతలికెళ్ళాడు. అక్కడ నవ్వు ఆగిపోయింది.

"ఫిర్యాదు పంతొమ్మిది. ఇది తోట మీద కాదు, తమరి శాఖ మీద. కింది రోడ్డునించి పైకి బాట పాడై రెండేళ్ళయింది. సీసాల పెట్టెలన్నీ ఈవిడ నడుం మీదే దిగుతున్నాయి. నాలుగు ఉత్తరాలు రాసిందట. ఉత్తరానికి జవాబివ్వాలన్న గడువు లేదు. ఈ పుస్తకంలో రాసినదానికి ముప్పై రోజుల్లో జవాబివ్వాలని అట్ట వెనక తమరే అచ్చేశారు. అందుకే ఇందులో రాస్తున్నాను."

ఆఫీసరు వంగి తన మోకాళ్ళమీది మట్టి చూసుకున్నాడు. పెన్ను తీసి, తడి కాగితం చిరక్కుండా, అడుగున 'అందినది' అని రాసి తేదీ వేశాడు.

"ఆరు పేజీలూ ఉన్నాయి. పేజీ పోగూడదనే గానీ, తడవగూడదని నిబంధన లేదు" అంటూ అనుమతి కాగితం మీద ముద్ర గుద్దాడు.

తోటక్క నడుంమీది చెయ్యి తీసి రెండు చేతులూ జోడించింది. మామయ్య కంగారుగా, "ఎర్ర కాళ్ళది ఎగిరిపోతుందేమో" అంటూ కిందికి దిగిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ఆ హోటల్ దగ్గరే ఆగాం. గల్లాపెట్టె వెనక ఆ అమ్మాయి కూర్చుని ఉంది. కొత్త స్టూలు మీద. మామయ్య అడక్కముందే పుస్తకం తెచ్చి నవ్వుతూ ముందు పెట్టింది. ఆయన చేతులు కడుక్కోడానికెళ్ళగానే పాత పేజీ తిప్పాను.

'నిలబడి చిల్లర ఇచ్చే అమ్మాయి నేను టీ తాగేలోపు పదకొండుసార్లు కాలు మార్చింది. స్టూలు వేయవలెను. టీ బాగుంది.'

కారెక్కాక ఆపుకోలేక అడిగాను.

"మామయ్యా, పిల్లిని కూడా వదల్లేదు కదా నువ్వు. మరి నా మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాయలేదేం? నేనంటే అంత ఇష్టమా?"

మామయ్య కిటికీలోంచి వెనక్కిపోతున్న సముద్రాన్ని చూస్తూ అన్నాడు.

"నువ్వు పుట్టిన రోజే మీ అమ్మకి ఇచ్చాన్రా ఫిర్యాదు. ఇంకా విచారణలో ఉందంటోంది."