అమ్మ గొంతు మీదే జవాబు

నిన్న కడపలో పాతసామాన్ల బండి మీద టేప్ రికార్డర్ కనిపించింది. కువైట్ నుంచి వచ్చిన అలాంటిదే మీ ఇళ్లలోనూ ఉండేది కదా?

మా అమ్మ కువైట్‌కు ఇంటిపనికి పోయింది. ఉత్తరం రాయడం రాదు కాబట్టి క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికొచ్చే వాళ్ల చేతికిచ్చేది. సెంటు వాసనొచ్చే ఆ క్యాసెట్ చుట్టూ మేమంతా చేరేవాళ్లం. "బాగుండారా నాయనా? తింటాండారా?" అని బొంగురు గొంతుతో అడిగేది.

ఇంకో క్యాసెట్ కొనలేక, జవాబు కూడా దాని మీదే రికార్డు చేసి పంపేవాళ్లం. "టేపు అయిపోతాది, ఏం కావల్లో తొందరగా చెప్పండి" అని మా నాయనమ్మ, జేజి, తరిమేది.

ఆఖరిసారి మేం పంపేలోపే అమ్మ తిరిగొచ్చేసింది. ఆ క్యాసెట్ పెట్టెలోనే ఉండిపోయింది. ఆమె చనిపోయి మూడేళ్లయింది. గొంతు వినాలనిపించి, ఆ పాత టేప్ రికార్డర్ కొనుక్కొచ్చి వేశాను.

అమ్మ ఎక్కడా లేదు. అంతా మేమే. "వాచీ తేమ్మా", "సెంటు తేమ్మా", "దుప్పటి తేమ్మా".

ఓపిక లేకపోయినా రెండు వైపులా చివరిదాకా విన్నాను. "నువ్వెట్లుండావమ్మా" అని ఒక్కరమూ అడగలేదు.