పదకొండో జెల్, ఒకే గిన్నె

పదకొండో జెల్ దగ్గర గెలిచింది మా దయామణి. అంతకు ముందు పదీ ఓడిపోయాయి. హైదరాబాదులో ఒక ల్యాబులో ఆమె పని అదే. హెచ్.ఐ.వి. పురుగు ఆడమనిషి ఒంట్లోకి పోకుండా ముందే రాసుకునే జెల్ ఎంతవరకు ఆపగలదో పరీక్షించడం.

నేను అర్ధవీడు పక్క పల్లెలో ఐదో తరగతి చదివినవాణ్ణి. చర్చికి రేకులు తీయించి శ్లాబు వేయించింది నేను. మా పేటకు బోరు తెప్పించింది నేను. సంఘపెద్దగా ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రభు సంస్కారంలో ద్రాక్షరసం గిన్నె పట్టుకుంటున్నది నేను. దయామణిని కంభంలో కాలేజీలో చేర్చినప్పుడు తండ్రి సంతకం ఉండాల్సిన చోట జీవానందం అని నా పేరు రాసిందీ నేనే. ఆమె సంగతి రాయడానికి నాకంటే తగినవాడు ఈ పల్లెలో లేడు.

వాళ్ళ నాయన నాకు తమ్ముడి వరస, లారీ క్లీనరు. ఆ జబ్బు తెచ్చి, భార్య మార్తమ్మకు అంటించి, ముందు తాను పోయాడు. నాలుగేళ్ళకు మార్తమ్మా పోయింది.

"మొగుణ్ణి అడగాల్సిన పని లేకుండా ఆడది తనకు తాను రాసుకునే మందు ఉండుంటే, అమ్మ బతికేది పెదనాయనా" అనేది దయామణి. ఆ మాట పట్టుకునే ఎమ్మెస్సీ చదివింది. ఆ మాట పట్టుకునే ల్యాబులో చేరింది.

కిటికీలు లేని గది అది. రెండు జతల గ్లవుజులు. ఫోను బయటే పెట్టాలి. లోపల ముక్కు దురద పుట్టినా గోక్కోకూడదు. పళ్ళెంలో కణాలు పెంచి, జెల్ వేసి, పైన పురుగును వదులుతారు. పురుగు లోపలికి పోతే కణం వెలుగుతుంది. చీకటిగా ఉంటే జెల్ ఆపినట్టు. పదో జెల్‌కు పళ్ళెమంతా చీకటే. అందరూ చప్పట్లు కొట్టారట. తీరా చూస్తే జెల్ కణాలనే చంపేసింది. చచ్చిన కణం కూడా వెలగదు కదా.

మూడేళ్ళ కిందట పల్లెకు వచ్చినప్పుడు, ఆదివారం ఆరాధనలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"జెల్లు మీద పని చేస్తాండా" అనగానే మా పేట శ్యాంసన్ భార్య రోజీ, "జెల్లా, జైలా అమ్మే?" అంది. అందరూ నవ్వారు. దయామణీ నవ్వింది.

"వారానికి ఆరు దినాలు ఆ పురుగు నా చేతుల్లోనే ఉంటాది. దేవుడే కాపాడుతున్నాడు."

నవ్వు ఆగిపోయింది. గాజు గొట్టంలో ఉన్నదాన్ని గ్లవుజులతో పట్టుకుంటానని ఆమె భావం. రోజీ పక్కామె చెవిలో, "విన్నావా వదినా? తల్లిది బిడ్డకొచ్చింది. దాని నోటితోనే చెప్పింది" అనడం నాకు వినబడింది.

మా చర్చిలో గిన్నె ఒక్కటే, నోటి నుంచి నోటికి పోతుంది. దయామణి తాగింది. తర్వాత రోజీ వంతు. రోజీ గిన్నె అందుకోకుండా నా మొహం చూసింది. గిన్నెతో ఆ జబ్బు అంటదని నాకు తెలుసు, దయామణే ఎన్నోసార్లు చెప్పింది. అయినా భుజం మీది తువ్వాలు తీసి అంచు తుడిచాను.

బయటికొచ్చాక అడిగింది.

"ఎందుకు తుడిచినావు పెదనాయనా?"

"అలవాటు పాపా."

"ఆ అలవాటు నేను రెండుసార్లే చూసినా. అమ్మ తాగినప్పుడొకసారి. ఇప్పుడొకసారి."

మరునాడు పొద్దున్నే బస్సెక్కింది. మూడేళ్ళు రాలేదు. నేను చేసినవాటిలో ఇదీ ఒకటి. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మొన్న జూన్‌లో ఫోను చేసింది.

"పెదనాయనా, పదకొండోది నిలబడింది. పళ్ళెం చీకటి. కణాలు బతికే ఉన్నాయి."

"అయితే మందు వచ్చేసినట్టేనా?"

"యాడొచ్చింది! జంతువుల మీద చూడాల, ఆపైన మనుషుల మీద. ఏళ్ళు పడతాది. ఇది పళ్ళెంలో గెలుపే."

"ల్యాబులో పండగ చేసుకున్నారా?"

"అందరూ ఇండ్లకు ఫోన్లు చేసుకున్నారు. నేను నీకు చేసినా."

 ఆ మాటకు అన్నాను, "సంస్కారానికి రా పాపా."

ఆమె అడిగింది, "నా తర్వాత గిన్నె ఎవరికిస్తావు?"

"నేనే తాగుతా. తుడవకుండా."

"రోజీ వదిన లేచి బయటికి పోతే?"

"పోతే ఆమె ఇష్టం. నేనైతే కదలను."

"చూస్తా" అంది. వారం తర్వాత మళ్ళీ ఫోను చేసి, టికెట్టు తీసుకున్నానని చెప్పింది.

సంఘపెద్దే ముందు తాగడం మా చర్చి వాడుక. ఈసారి ఆమె తర్వాత తాగుతానని పాస్టరుగారికి చెప్పాను. పేటలో తెలిసిపోయింది. రోజీ నాతో మాట్లాడటం మానేసింది. ఆ ఉదయం ఎంతమంది వస్తారో నాకు తెలియదు. తువ్వాలు మాత్రం ఇంట్లోనే వదిలి పోతాను.

సంస్కారం ఆదివారం. దయామణి కంభంలో రైలు దిగేది దానికి ముందు రోజు, శనివారం, 2025 ఆగస్టు రెండు.