నిమ్మకాయ ఇవ్వని చిన్న దేశం

1981 ఫిబ్రవరి. అమెరికాలో కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కి నెల కూడా కాలేదు. శింగనమల దగ్గర ఒక హైస్కూల్లో నేను సోషల్ అయ్యవారిని. ఆ ఏడు కూడా వానలు మొహం చాటేశాయి. అయినా స్కూలు వార్షికోత్సవమంటే నాకు పెళ్లి సందడే.

ఆసారి పదో తరగతి పిల్లలతో మాక్ అసెంబ్లీ పెట్టించాను. అంటే పిల్లలే ఒక్కో దేశానికి ప్రతినిధులై ఐక్యరాజ్యసమితిలో లాగా వాదించుకోవాలి. మధ్యలో పెద్ద దేశం నాయకుణ్ని మార్చేస్తాను, అప్పుడు చిన్న దేశాలు తమ విదేశాంగ విధానాన్ని ఏం చేసుకుంటాయో చూడాలని నా ముచ్చట. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచాను.

సుంకమ్మ అనే చురుకైన పిల్లకు ఒక కొండల దేశం ఇచ్చాను. పెద్ద దేశానికి ఆనుకునే దాని సరిహద్దు. వాళ్ల నాయన నరసింహులు మెట్టసేద్యం చేసుకునే మనిషి. "పదోతరగతి చాలు అయ్యవారూ, ఇంగ నాతో చేని పనికి వస్తాది" అని తేల్చేశాడు. ఆ పిల్లను అనంతపురం పంపి ఇంటర్ చదివించాలని నా పట్టుదల. ఆయన్ను బతిమాలి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాను.

సభ బాగానే సాగింది. పాత నాయకుడు దిగిపోయాడు. ఓబులేసు అనే పిల్లాడు కండువా వేసుకుని కొత్త నాయకుడై కుర్చీ ఎక్కాడు. "ఇంగమీద మా గోధుమలు మా మాట వినేటోళ్లకే!" అని గర్జించాడు.

అంతే, చిన్న దేశాలన్నీ లేచి జేబుల్లోంచి నిమ్మకాయలు తీశాయి! మా వైపు కొత్త అధికారి వస్తే చేతిలో నిమ్మకాయ పెట్టి దండం పెట్టడం ఆనవాయితీ. విదేశాంగ విధానమంటే మావాళ్లకు అర్థమైంది అదే. ఒక దేశం "నిన్నటిదాకా పక్క దేశంతో స్నేహం, ఈపొద్దు నుంచి మీరే మా దేవుడు" అంది. ఇంకోటి "మా రేవులో మీ యుద్ధనౌకలు పెట్టుకోండన్నా" అంది. ఏ ఎండకా గొడుగు! జనం పడీపడీ నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

సుంకమ్మ మాత్రం కదలలేదు.

"ఏమమ్మా, నీ నిమ్మకాయ యాడ?" అన్నాడు ఓబులేసు.

"తేలేదన్నా. నీ ముందాయనా పెద్దోడే, నువ్వూ పెద్దోడివే, మర్యాదకేం తక్కువ చెయ్యం. కానీ నువ్వొచ్చినావని మా కొండలు ఇంకో తావుకు పోవు. నాలుగేండ్లకు నువ్వూ పోతావు. మా పక్క చిన్న దేశాలోళ్లు ఈడనే ఉంటారు. ముందు వాళ్లతో మాట్లాడుకొని, మాకేం కావల్నో తేల్చుకొని, అప్పుడొచ్చి నీతో మాట్లాడతాం."

"గోధుమలు ఇయ్యకపోతే?"

"కొర్రలు తింటాం!"

చప్పట్లకు రేకుల షెడ్డు అదిరిపోయింది. నిమ్మకాయలిచ్చిన దేశాలు ఒక్కొక్కటే వెనక్కొచ్చి సుంకమ్మ బెంచీ చుట్టూ చేరాయి.

సభ అయ్యాక నరసింహులు నా దగ్గరికొచ్చాడు. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు.

"అయ్యవారూ, మా ఊర్లో పెద్ద మారినప్పుడల్లా అందరికంటే ముందు పోయి చేతులు కట్టుకొని నిలబడేది నేనే. ఆఖరికి పాతాయనతో, కొత్తాయనతో రెండు పక్కలా తిట్లు తింటాండా. ఆ పిల్లకు నా బుద్ధి రాలా."

"అయితే?"

"అయితే ఏంది సామీ! అనంతపురంలో హాస్టలు యాడుండాదో చెప్పండి."

పెద్ద దేశంలో మనిషి మారితే చిన్న దేశం ఎటు తిరగాలని ఎవరడిగినా, ముందు పక్కనున్న చిన్న దేశాల వైపు తిరగమని చెబుతాను. నాకు ఆ పాఠం చెప్పిన పిల్ల ఆ జూన్‌లో అనంతపురం బస్సెక్కింది. వెనకాలే పెట్టె మోస్తూ వాళ్ల నాయన, ఎదురైన ప్రతివాడికీ "మా సుంకమ్మ చదువుకు పోతాండాది" అని చెప్పుకుంటూ.